సబ్బులూ బిస్కెట్లూ అమ్మేవాడికి కనపడే మార్కెట్టు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పల్నాడులో పంతొమ్మిదేళ్ల నుంచి ఎఫ్ఎంసీజీ డిస్ట్రిబ్యూషన్ చేస్తన్నా. అంటే సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు, టీపొడి కంపెనీ దగ్గర కొని ఊళ్లల్లో కొట్లకి వేయడం. రెండు ఆటోలు, ముగ్గురు సేల్స్‌మన్లు, నాలుగొందల పైచిలుకు కొట్లు, అదీ మన సామ్రాజ్యం. టీవీలో "ఎమర్జింగ్ మార్కెట్, రూరల్ డిమాండ్" అని సూటేసుకుని మాట్లాడేవాళ్లని చూస్తే నవ్వొస్తది గానీ, వాళ్ల మాటలు పట్టుకునే కంపెనీవాళ్లు మాకు టార్గెట్లు పెడతారు కాబట్టి ఆ నవ్వు ఎక్కువసేపు ఉండదు. మొన్న మా తమ్ముడి కొడుకు ఎంబీఏ ప్రాజెక్టని ఒక ఫారం పట్టుకొచ్చి "పెదనాన్నా ఇది నింపిపెట్టు" అన్నాడు. ముప్పై ప్రశ్నలున్నాయి, జనానికి డబ్బు ఏ నెలలో చేతికొస్తది అనే ప్రశ్న ఒక్కటంటే ఒక్కటి లేదు. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తన్నా.

అపోహ: 140 కోట్ల జనం, ఇంటికి ఒకటి అమ్ముకున్నా చాలు

ఈ లెక్క వేసుకుని వచ్చి బోల్తాపడ్డ పెద్దపెద్దోళ్లు చాలామంది ఉన్నారు. కెలాగ్స్ 1994లో మన దేశంలో దిగింది, జనం ఉన్నారు, పొద్దున్నే ఏదో ఒకటి తింటారు, ఇంకేం కావాలి అనుకున్నారు. మన ఇళ్లల్లో పాలు కాచి వేడివేడిగా పోసుకుంటారు, వేడి పాలు పోస్తే వాళ్ల కార్న్‌ఫ్లేక్స్ మెత్తగా గుజ్జయిపోతాయి, అది వాళ్ల లెక్కలో లేదు. తర్వాత దిద్దుకున్నారు గానీ మొదట్లో మాత్రం దెబ్బే.

కానీ రుచికన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉంది. జనాభా పన్నెండు నెలలూ ఒకటే, జేబు మాత్రం నెలకో రకం. మా ఏరియాలో జనవరి నుంచి మిరపకాయ కోతలు మొదలవుతాయి, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుంటూరు యార్డుకి పోతాయి, కమీషన్ కొట్టు నుంచి డబ్బులొస్తాయి. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో నా దగ్గర షాంపూ బాటిళ్లు, నాలుగు సబ్బుల ప్యాకులు, అరకేజీ టీపొడి కదులుతాయి. జూన్ వచ్చేసరికి అదే ఊరు, అదే కొట్టు, అదే ఇల్లాలు, రూపాయి షాంపూ ప్యాకెట్టు, పది రూపాయల సబ్బు. ఆవిడేమీ పేదదైపోలా, డబ్బు విత్తనాల్లోకీ డీఏపీలోకీ పోయింది అంతే. కంపెనీ పిల్లోడు మాత్రం జూలైలో వచ్చి "అంకుల్, మీ ఊళ్లల్లో కన్స్యూమర్ డౌన్‌ట్రేడ్ అవుతున్నాడు" అని, అంటే చౌకరకానికి దిగిపోతున్నాడని, స్లైడు చూపిస్తాడు.

అపోహ: వానలు బాగా పడితే ఊళ్లల్లో అమ్మకాలు పెరుగుతాయి

ఇది నేనూ పదేళ్లు నమ్మా. నైరుతి బాగుందంటే ఎఫ్ఎంసీజీ షేర్లు కొనేయమంటారు కూడా. నా పుస్తకాల్లో కనపడిందేంటో చెప్తా.

2023లో దేశం మొత్తం మీద వాన మామూలు కన్నా తక్కువ, 94 శాతం, ఆగస్టు అయితే 1901 నుంచి రికార్డుల్లో అంత పొడి ఆగస్టు లేదన్నారు. మరి ఆ ఆగస్టులో నా సేల్ పెద్దగా పడలా. ఎందుకంటే అంతకుముందు ఎండాకాలంలో మిర్చి క్వింటా 20 వేలు దాటి అమ్ముకున్నారు, ఆ డబ్బు ఇంకా ఇళ్లల్లో తిరుగుతా ఉంది. 2024లో వాన 108 శాతం, పేపర్లన్నీ పండగే పండగ, కంపెనీ నా టార్గెట్ పెంచేసింది. తీరా 2025 ఫిబ్రవరికి పంట యార్డుకి వచ్చేసరికి కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు కూర్చునుంది, ఎగుమతుల గిరాకీ తగ్గింది, రేటు పది పదకొండు వేల దగ్గరికి జారిపోయింది. చివరికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు అని ప్రకటించాల్సొచ్చింది. ఎకరాకి లక్షన్నర, రెండు లక్షలు పెట్టినోడికి, అందులోనూ కౌలోడికి, ఆ రేటుకి ఏం మిగులుద్ది చెప్పండి. ఆ మార్చిలో బాటిళ్లు కదలాల్సిన సీజన్లో నేను షాంపూ ప్యాకెట్ల దండలే మోశా.

అంటే వాన అక్కర్లేదని కాదు. వానకీ నా గల్లాకీ మధ్యలో కాలవలో నీళ్లు రావాలి, తెగులు రాకూడదు, రేటుండాలి, కమీషన్ కొట్టోడు డబ్బు టైముకి ఇవ్వాలి, అందులోంచి పాత అప్పు పోవాలి, ఆ తర్వాతే సబ్బు. ఎనిమిది తొమ్మిది నెలల దూరం. జూన్‌లో ఆకాశం చూసి జూలై టార్గెట్ పెట్టేవాళ్లకి ఈ దూరం కనపడదు. వాన బాగా పడిన సంవత్సరం జూలైలో అమ్మకాలు ఇంకా తగ్గుతాయి తెలుసా, ఎందుకంటే ధైర్యంగా ఇంకో ఎకరం కౌలుకి తీసుకుని ఉన్న డబ్బంతా అందులో పోసేస్తారు.

అపోహ: పేదోళ్లు చిన్న ప్యాకెట్ కొని ఎక్కువ ధర కడతారు, ధర తగ్గిస్తే ఎగబడి కొంటారు

మొదటి సగం పుస్తకాల్లో రాస్తారంట, మావాడు చూపించాడు. ఒకసారి కొట్టుకెళ్లి రూపాయి షాంపూ ప్యాకెట్ మీద ఎన్ని ఎంఎల్ ఉందో, అదే బ్రాండ్ బాటిల్ మీద ఎన్ని ఉందో చూసి భాగించండి. చాలా బ్రాండ్లలో ప్యాకెట్టే చౌక! మన దగ్గర ఈ ప్యాకెట్ల పోటీ అంత గట్టిది, తమిళనాడులో కడలూరు నుంచి వచ్చిన చిన్న కంపెనీలు మొదలెట్టిన ఆట అది, చిక్ షాంపూ అర్ధరూపాయికి దొరికిన రోజులు నా ఈడు వాళ్లకి గుర్తుంటాయి. కాబట్టి ప్యాకెట్ కొనేవాళ్లు అమాయకులు కాదు. డబ్బులున్నోళ్లు కూడా దండ మొత్తం కొనుక్కుపోతారు, మా ఇంట్లోనూ అదే.

రెండో సగం, ధర తగ్గిస్తే ఎగబడతారనేది. 2025లో ఏం జరిగిందో చూడండి. ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద జీఎస్టీ తగ్గుద్దన్నారు, సెప్టెంబర్ 3న కౌన్సిల్ తేల్చింది, 22 నుంచి అమలు. సబ్బు, షాంపూ, పేస్టు, తలనూనె, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి. మంచిదే, కాదని ఎవడంటాడు. కానీ ఆ మధ్యలో ఐదు వారాలు మా పరిస్థితి అడగండి. తగ్గబోతుందని తెలిశాక కొట్టోడు ఎందుకు కొంటాడు? మా బీట్‌లో, అంటే మా సేల్స్‌మన్ తిరిగే కొట్ల వరసలో, ఒక శెట్టిగారున్నారు, ముప్పై ఏళ్ల కొట్టు, మా సేల్స్‌మన్ ఆర్డర్ పుస్తకం తీయగానే "ఒరే అబ్బాయ్, ఇరవై రెండు దాటాక రా. ఇప్పుడు దించితే ఆ తేడా మీ ఓనరిస్తాడా నువ్విస్తావా" అన్నాడు. నాకు ఫోన్ చేసి మళ్లీ అదే మాట అన్నాడు, ఈసారి మర్యాదగా. సెప్టెంబర్ మొదటి మూడు వారాలు గోడౌన్ నిండా సరుకు, ఆటోలు ఖాళీగా తిరిగాయి. ధర తగ్గిన వార్తే అమ్మకాన్ని ఆపేసింది.

తర్వాత ఇంకో తమాషా. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద కొన్ని కంపెనీలు నాలుగున్నర అని ఎంఆర్‌పీ వేసి పంపాయి. అర్ధరూపాయి ఎవడి దగ్గరుంది? కొట్టోడు చాక్లెట్ ఇస్తాడు, పిల్లోడు చాక్లెట్టే బాగుందని పోతాడు, పెద్దోళ్లు వచ్చి గొడవ. కొన్నాళ్లకి మళ్లీ ఐదు రూపాయలే చేసి గ్రాములు పెంచారు. ఊళ్లల్లో ధరంటే శాతాలు కాదండీ, ధరంటే నాణెం. ఒకటి, రెండు, ఐదు, పది. వీటి మధ్యలో ఎక్కడ ఆగినా అవస్థే.

అపోహ: పెద్ద కంపెనీ దిగితే లోకలోడు అవుట్

ఒక్క సీసాతో తేల్చేస్తా. 1977లో కోకాకోలా దేశం వదిలి పోయాక పుట్టింది థమ్సప్. 1993లో కోక్ తిరిగొచ్చి పార్లే దగ్గర దాన్ని కొనేసింది, ఇప్పటికీ మా దగ్గర థమ్సప్ అడిగినోడికి కోక్ ఇస్తే తీసుకెళ్లి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేస్తాడు. కొన్నోడే దాన్ని చంపలేకపోయాడు. ఇప్పుడు 2023 నుంచి రిలయన్స్ వాళ్లు పాత క్యాంపా కోలాని లేపి 200 ఎంఎల్ పది రూపాయలకి వదిలారు, కొట్టోడికి మార్జిన్ ఎక్కువ వదిలారు, అది కదిలింది. పెద్దా చిన్నా కాదు, పది రూపాయల నోటూ, కొట్టోడికి మిగిలేదీ, ఫ్రిజ్‌లో చోటూ. అంతే.

అపోహ: యూపీఐ వచ్చాక అరువు పోయింది

2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలోనే 2,000 కోట్లు దాటాయి. నిజమే, మా బీట్‌లో బడ్డీకొట్టుకి కూడా క్యూఆర్ స్టిక్కర్ ఉంది, డబ్బా అరుస్తానే ఉంటది. కానీ ఆ స్టిక్కర్ కింద సొరుగు లాగండి, పొడుగు పద్దు పుస్తకం అక్కడే ఉంటది. ఒకసారి నా బాకీ కోసం కూర్చున్నప్పుడు ఒక కొట్టతను పుస్తకం నా ముందుకి తోసి "మీరే చూడండి నా దగ్గర డబ్బెక్కడుందో" అన్నాడు. ఒక పేజీలో ఒకే ఇల్లు: టీపొడి 10, సబ్బు 10, పంచదార అరకేజీ, నూనె ప్యాకెట్, పిల్లోడికి పెన్ను 5, బిస్కెట్లు 10, మళ్లీ నూనె ప్యాకెట్. కింద మొత్తం 3,840. పక్కన పెన్నుతో రెండే మాటలు: "కోతలు అయ్యాక". ఆ పేజీలో ఉన్న సబ్బు నాది, నేను దాన్ని కంపెనీకి ముందే డబ్బు కట్టి తెచ్చా. అంటే ఆ ఇంటికి అప్పిస్తున్నది కొట్టోడు, కొట్టోడికి నేను, నాకు బ్యాంకు. ఫోన్ డబ్బుని తొందరగా పంపుద్ది, లేని డబ్బుని పుట్టించదు.

పైగా 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులిచ్చారు, బెంగళూరులో కొట్ల ముందు "యూపీఐ లేదు, క్యాషే" అని కాగితాలు అంటించారు. ఆ వార్త వాట్సాప్‌లో మా దాకా వచ్చింది, మా దగ్గర నోటీసు ఒక్కటి రాలేదు, అయినా ఓ నెలపాటు కొందరు స్టిక్కర్ తిప్పి పెట్టారు. మార్కెట్ బిహేవియర్ అంటే ఇదే మరి, పక్క రాష్ట్రంలో దగ్గితే ఇక్కడ మాత్ర వేసుకుంటారు.

అపోహ: జనానికి లోన్లు ఇస్తే వ్యాపారం పెరుగుద్ది

పెరుగుద్ది, కొన్నాళ్లు. 2008, 2009లో మైక్రోఫైనాన్సోళ్లు ఊరూరా గ్రూపులు పెట్టి ఇచ్చినప్పుడు నా అమ్మకం ఎగిరింది, నేను మొనగాణ్ణి అనుకున్నా. ఒకే ఇంట్లో మూడు నాలుగు కంపెనీల లోన్లు, ఒకదాని కిస్తీ ఇంకోదాంతో. 2010 ఆగస్టులో ఎస్కేఎస్ అనే మైక్రోఫైనాన్స్ కంపెనీ షేరు మార్కెట్లో లిస్టయింది, అక్టోబర్లో ఆత్మహత్యల వార్తల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, వసూళ్లు ఆగిపోయాయి, కొత్త లోన్లూ ఆగిపోయాయి. ఆ లోన్ల మీద నడిచిన ఖర్చు మొత్తం కొట్టోడి పద్దు పుస్తకంలోకి వచ్చి పడింది. నా బాకీలు రెండింతలయ్యాయి. అప్పట్నుంచి ఏదైనా ఊళ్లో అమ్మకం ఉన్నట్టుండి లేస్తే సంతోషపడను, ఎవడు అప్పిస్తన్నాడో కనుక్కుంటా.

అపోహ: సేల్ పెరిగితే లాభం పెరిగినట్టే

నా లెక్క ఉజ్జాయింపుగా విప్పి చూపిస్తా. నెలకి 30 లక్షల టర్నోవర్, మార్జిన్ 5 శాతం, అంటే లక్షన్నర. సేల్స్‌మన్ల జీతాలు 48 వేలు, గోడౌన్ అద్దె 12 వేలు, ఆటోలు డ్రైవర్లు డీజిల్ 40 వేలు, డ్యామేజీ వగైరా 5 వేలు. 45 వేలు మిగిలింది. ఇప్పుడు అసలు కథ. గోడౌన్లో 20 లక్షల సరుకు, మార్కెట్లో పదిహేను రోజుల బాకీ 15 లక్షలు, కంపెనీ దగ్గర ఇరుక్కున్న క్లెయిములు, అంటే కంపెనీ నాకు తిరిగి ఇవ్వాల్సిన డబ్బు, 3 లక్షలు. మొత్తం 38 లక్షలకి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ నెలకి 33 వేలు. చేతిలో 12 వేలు. ఇప్పుడు మిర్చి రేటు పడి కొట్లవాళ్లు పదిహేను రోజుల బదులు నెలకి ఇచ్చారనుకోండి, ఇంకో 15 లక్షలు ఇరుక్కుంటాయి, వడ్డీ ఇంకో 13 వేలు. సేల్ ఒక్క రూపాయి తగ్గలా, నేను నష్టంలో ఉన్నా.

ఎంఎస్ఎంఈ చట్టం, అదే చిన్న సంస్థల చట్టం, ఉంది కదా, 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి కదా అంటారు. అది తయారీ చేసేవాళ్లకీ సర్వీసు ఇచ్చేవాళ్లకీ. 2021లో హోల్‌సేల్, రిటైల్ వాళ్లని ఎంఎస్ఎంఈలో చేర్చారు గానీ అది బ్యాంకు లోను వరకే, బాకీ ఆలస్యమైతే అడిగే హక్కు మాకు రాలేదు. 2023-24 నుంచి ఇన్‌కంట్యాక్స్‌లో వచ్చిన 43బి(హెచ్), అంటే చిన్న సంస్థలకి టైముకి డబ్బు కట్టకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది పన్ను లెక్కలో చూపించుకోనివ్వని సెక్షన్, అది కూడా అంతే, మా బిల్లులకి పనికిరాదు. ఇది తెలియక మా అసోసియేషన్లో ఒకాయన కొట్లకి నోటీసులు పంపి పరువు పోగొట్టుకున్నాడు.

నెలాఖరు సంగతి చెప్పి ఆపేస్తా. 28, 29 తారీఖుల్లో ఏరియా మేనేజర్ ఫోన్ చేసి "బాబాయ్, ఒక్క నాలుగు లక్షలు బిల్లు వేసుకో, వచ్చే నెల చూసుకుందాం" అంటాడు. ఆ నాలుగు లక్షలు అక్కడ కాగితాల మీద రూరల్ గ్రోత్. ఒకసారి అలాగే మొహమాటానికి ఒప్పుకుని జ్యూస్ ప్యాకెట్లు దించుకున్నా, అవి గోడౌన్లోనే ఎక్స్‌పైరీ అయ్యాయి. ఏ కంపెనీనో అడక్కండి. ఫోన్ చేసిన మేనేజర్ ప్రమోషన్ మీద వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు, క్లెయిమ్ ఫారాలు మూడుసార్లు నింపా, పదకొండు నెలల తర్వాత సగానికి క్రెడిట్ నోటు వచ్చింది, అదీ మళ్లీ సరుకు రూపంలో. జ్యూసే.