పిల్లలు వెనక సీట్లోకి మారాక మొదలైన ప్రమాదం

ఎండలో ఆపిన కారులో బిడ్డ చనిపోయింది అన్న వార్త వచ్చిన ప్రతిసారీ అందరం అనే మాట ఒకటే, కన్నబిడ్డని ఎవరైనా మర్చిపోతారా, అసలు వాళ్ళు తల్లిదండ్రులేనా అని. నేనూ చాలా ఏళ్ళు అలాగే అన్నాను. దీని వెనక జరిగిందంతా తెలిశాక మాత్రం ఆ మాట నోట్లోంచి రావట్లేదు.

1990ల్లో అమెరికాలో కార్లకి డ్రైవర్ పక్క సీటు వైపు కూడా ఎయిర్‌బ్యాగులు రావడం మొదలైంది. పెద్దవాళ్ళ ప్రాణాలు కాపాడే వస్తువే, కానీ అది తెరుచుకునే ఊపుకి ముందు సీట్లో ఉన్న చిన్నపిల్లలు చనిపోయారు, అది కూడా మామూలుగా అయితే చిన్న దెబ్బలతో బయటపడాల్సిన యాక్సిడెంట్లలో. దాంతో డాక్టర్లు, సేఫ్టీ అధికారులు అందరూ గట్టిగా చెప్పారు, పిల్లల్ని వెనక కూర్చోబెట్టండి, చంటిబిడ్డ అయితే సీటు ముఖం వెనక్కి తిప్పి పెట్టండి అని. మంచి సలహా, ఇప్పటికీ అదే పాటించాలి. కానీ ఒక్కసారి డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దంలో చూడండి, వెనక్కి తిరిగి ఉన్న బేబీ సీటు వీపు మాత్రమే కనపడుతుంది, అందులో బిడ్డ ఉన్నా లేకపోయినా అది ఒకేలా ఉంటుంది. ఇక బిడ్డ నిద్రపోయిందంటే చప్పుడు కూడా ఉండదు.

అమెరికాలో జాన్ నల్ అనే వాతావరణ నిపుణుడు 1998 నుంచి జరిగిన ఇలాంటి చావులన్నీ లెక్క కట్టాడు, ఏడాదికి సగటున 37 మంది దాకా తేలారు, 2018లో, 2019లో అయితే 50 దాటిపోయారు. వీటిలో సగానికి పైగా పెద్దవాళ్ళు మర్చిపోవడం వల్లే, దాదాపు పావు వంతు పిల్లలే ఆడుకుంటూ లాక్ చేయని కారెక్కి బయటికి రాలేక, మిగతావాటిలో ఎక్కువ భాగం ఇప్పుడే వచ్చేస్తాలే అని తెలిసే వదిలి వెళ్ళినవి.

మర్చిపోవడం ఎలా జరుగుతుందో డేవిడ్ డైమండ్ అనే న్యూరోసైంటిస్ట్ చాలా ఏళ్ళు పరిశీలించి చెప్పాడు. రోజూ చేసే పనిని మెదడులో ఒక భాగం అలవాటుగా నడిపించేస్తుంది, ఇవాళ కొత్తగా చేయాల్సిన పనిని గుర్తుపెట్టుకునేది వేరే భాగం, నిద్రలేమి, టెన్షన్ ఉంటే అలవాటుదే పైచేయి. రోజూ బిడ్డని డేకేర్‌లో దింపేది అమ్మ, ఆ రోజు నాన్న తీసుకెళ్ళాడు అనుకోండి, బిడ్డ దారిలోనే నిద్రపోయింది, డేకేర్‌కి తిరగాల్సిన మలుపు దగ్గర చెయ్యి అలవాటుగా స్టీరింగ్‌ని ఆఫీసు వైపే తిప్పేస్తుంది, పైగా బిడ్డని దింపేశాను అన్న నమ్మకం కూడా మెదడే పుట్టిస్తుంది. అందుకే సాయంత్రం దాకా ఆయనకి అనుమానమే రాదు. ప్రేమ లేక కాదండీ ఇది.

ఎండాకాలంలో జాగ్రత్తగా ఉంటే చాలు అనుకోవడం ఇంకో పొరపాటు. జాన్ నల్, ఇద్దరు డాక్టర్లు కలిసి 2005లో అచ్చేసిన స్టడీలో బయట 22 డిగ్రీల సెల్సియస్ ఉన్న చల్లటి రోజున కూడా ఎండలో నిలిపిన కారు లోపల గంటలో 47 డిగ్రీలకి చేరింది, పెరిగిన వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే వచ్చేసింది. అద్దం కొంచెం దించి పెట్టినా పెద్ద తేడా రాలేదు. పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ కంటే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది, లోపలి ఉష్ణోగ్రత 40 దాటితే వడదెబ్బ, 42కి దగ్గరైతే ప్రాణం మీదికే.

1998 వేసవిలో అమెరికాలో మూడు వారాల్లోపే 11 మంది పిల్లలు కారు డిక్కీల్లో ఇరుక్కుని చనిపోయారు, ఆ తర్వాతే 2001 సెప్టెంబర్ నుంచి తయారయ్యే కార్ల డిక్కీలో చీకట్లో మెరిసే చిన్న హ్యాండిల్ ఉండాలని రూల్ పెట్టారు, లాగితే లోపల్నుంచే తెరుచుకుంటుంది. వెనక సీటు విషయంలో మాత్రం చాలా ఆలస్యం అయింది. 2017 మోడల్ నుంచి జనరల్ మోటార్స్ కొన్ని కార్లలో, ఆపాక వెనక సీటు చూసుకోమని గుర్తుచేసే రిమైండర్ పెట్టింది, ఇటలీ 2018లో చట్టం చేసి నాలుగేళ్ళ లోపు పిల్లల సీటుకి అలారం పరికరం తప్పనిసరి చేసింది, 2021లో అమెరికా చట్టంలోనూ రిమైండర్ మాట చేరింది. అయితే ఈ రిమైండర్లలో చాలావాటికి తెలిసేది బయల్దేరే ముందు వెనక డోర్ తీశారా లేదా అన్నదే, బిడ్డ ఉందో లేదో కాదు. లోపల బిడ్డ ఉందని రాడార్ లాంటివాటితో కనిపెట్టే కార్లకి, యూరప్‌లో కార్ల భద్రత పరీక్షించి రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2023 నుంచి పాయింట్లు ఇస్తోంది.

మీ కారులో అదంతా వచ్చేదాకా ఆగక్కర్లేదు. బ్యాగో ఆఫీసు ఐడీ కార్డో, లేదా ఎడమ కాలి చెప్పో బిడ్డ పక్కన పెట్టండి, అది లేకుండా పదడుగులు కూడా వేయలేం కదా. బిడ్డ టైముకి రాకపోతే వెంటనే ఫోన్ చేయమని డేకేర్ వాళ్ళకి చెప్పి ఉంచండి. ఇంటి దగ్గర ఆపిన కారు కూడా లాక్ చేసి తాళం పిల్లలకి అందకుండా పెట్టండి, పిల్ల కనపడట్లేదు అంటే దగ్గర్లో నీళ్ళున్న చోట చూసి వెంటనే కార్లన్నీ చూడండి, డిక్కీలతో సహా.