సీరియల్లో ఆర్టిస్ట్ మారితే ఏమవుతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

పాలకొల్లులో ఉంటూ, హైదరాబాద్‌లో తీసే కామెడీ సీరియళ్ళకి సీన్లు, మాటలు రాస్తుంటాను. భీమవరంలో పెళ్ళికెళ్ళినా, నరసాపురం బస్సెక్కినా జనం నన్ను కథ గురించి అడగరు. “ఆ అబ్బాయిని ఎందుకు తీసేశారండీ?” అనే అడుగుతారు.

అపోహ: గొడవపడితేనే ఆర్టిస్ట్ మారతాడు.

వాస్తవం: చాలాసార్లు అసలు చిక్కు డేట్లు. రెండు సీరియళ్ళు చేస్తున్నవాడు మధ్యలో ఒక సినిమా ఒప్పుకుంటే మూడు షెడ్యూళ్ళూ ఒకే వారంలో వచ్చి పడతాయి. పెళ్ళి, పురుడు, ఆరోగ్యం, పారితోషికం కూడా కారణాలే. గొడవలుండవని అనను. కానీ మాటలు మానేసిన ఇద్దరు కెమెరా ముందు చక్కగా కాపురం చేసేస్తారు. ఆ విషయం మీకు తెలియను కూడా తెలియదు.

అపోహ: హీరో మారితే సీరియల్ పని అయిపోయినట్టే.

వాస్తవం: ‘అమృతం’ గుర్తు తెచ్చుకోండి. గుణ్ణం గంగరాజు సృష్టించిన ఆ సీరియల్ 2001 నవంబరు 18న జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరు 18 దాకా నడిచింది. మొత్తం 313 ఎపిసోడ్లు. పేరే ఆ పాత్రది, అయినా అమృతంగా ముగ్గురు చేశారు: శివాజీ రాజా, తర్వాత నరేష్, తర్వాత హర్షవర్ధన్. ఝాన్సీతో మొదలైన అమృతం భార్య సంజీవని పాత్రలోకీ తర్వాత వేరేవాళ్ళు వచ్చారు. అయినా జనం ఆదివారం రాత్రి టీవీ కట్టెయ్యలేదు.

ఎందుకంటే అమృతం స్నేహితుడు ఆంజనేయులు, అదే అంజి, మారలేదు. గుండు హనుమంతరావు మొదటి నుంచి చివరిదాకా ఉన్నారు. కామెడీ రాసేవాళ్ళకి తెలిసిన సంగతి ఒకటుంది: జోకు చెప్పేది ఒకడు, నవ్వొచ్చేది దాన్ని విన్నవాడి మొహం చూసి. అమృతం బుర్రలో కొత్త ఐడియా పుట్టగానే అంజి మొహంలో కనిపించే ఆ భయం అలాగే ఉన్నంతకాలం, ఐడియా చెప్పేవాడు మారినా సీను పండుతుంది. అందుకే ఎవరైనా వెళ్ళిపోతున్నారంటే నేను ముందు చూసేది ఎవరు పోతున్నారని కాదు, ఎదుటివాడు ఉంటున్నాడా లేదా అని.

అసలు మన డెల్టా వాళ్ళకి ఇది కొత్తా? తీర్థాల్లో పద్యనాటకం ఆడితే ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు రారూ? పోస్టర్ మీదే వేస్తారు. మన తాతలు ఏ కృష్ణుడు పద్యం బాగా ఎత్తాడని తెల్లారేదాకా వాదించుకున్నారేగానీ, కృష్ణుడి మొహం మారిందేంటని లేచిపోలేదు.

అపోహ: కొత్తగా వచ్చినవాడు పాతవాడిలా చెయ్యాలి.

వాస్తవం: ఇంతకన్నా చెడ్డ సలహా లేదు. అనుకరిస్తే చూసేవాళ్ళకి పాతవాడే గుర్తొస్తాడు. మేం చేసేది వేరు. మొదటి ఎపిసోడ్‌లో కొత్త ఆర్టిస్ట్‌కి పెద్ద డైలాగులు పెట్టం. మిగతా పాత్రల చేత పదేపదే పేరు పెట్టి పిలిపిస్తాం, పాత అప్పు అడిగిస్తాం, పాత అలవాటుకి తిట్టిస్తాం. పక్కవాళ్ళు అతన్ని నమ్మినట్టు కనిపిస్తే ఇంట్లోవాళ్ళూ నమ్మేస్తారు. డైలీ సీరియళ్ళలో యాక్సిడెంట్, ప్లాస్టిక్ సర్జరీ పెట్టి మొహం మారుస్తారు చూడండి, కామెడీకి ఆ అవస్థ అక్కర్లేదు. “ఇకపై ఈ పాత్రలో” అని కింద ఒక లైను వేస్తే సరిపోతుంది. డబ్బింగ్ గొంతు పాతదే ఉంచగలిగితే సగం టెన్షన్ పోయినట్టే. వేరే రాష్ట్రాల నుంచి వచ్చే హీరోయిన్ల విషయంలో ఈ సదుపాయం బాగా పనికొస్తుంది.

అపోహ: చివర ‘అండీ’ తగిలిస్తే ఎవరైనా గోదారి పాత్ర చేసేయొచ్చు.

వాస్తవం: డైరెక్టర్లు నాకు ఎక్కువగా చెప్పే మాట ఇదే, నాకు ఒళ్ళు మండేదీ ఇదే. “మీకేంటండీ, మహారాజులు” అన్న మాటలో ‘అండీ’ ఉంది, మర్యాద మాత్రం లేదు. దాన్ని మొహంలో నవ్వు కనపడకుండా అనాలి. కొత్త ఆర్టిస్ట్ తనే ముందు నవ్వేస్తే వెటకారం చచ్చిపోతుంది.

అపోహ: మనుషుల్ని ఇలా మార్చెయ్యడం మన టీవీ వాళ్ళ నిర్లక్ష్యం.

వాస్తవం: అమెరికాలో 1964 నుంచి 1972 దాకా వచ్చిన ‘బివిచ్డ్’ అనే కామెడీ సీరియల్లో భర్త డారిన్‌గా ఐదు సీజన్లు చేసిన డిక్ యార్క్ నడుం నొప్పి వల్ల మానేస్తే, 1969లో డిక్ సార్జెంట్‌ని తెచ్చారు. కథలో ఒక్క ముక్క వివరణ ఇవ్వలేదు. మరో మూడు సీజన్లు నడిచింది.

అపోహ: నటుడు చనిపోతే ఆ పాత్రని కూడా ఆపెయ్యాలి.

వాస్తవం: 2018 ఫిబ్రవరిలో గుండు హనుమంతరావు పోయారు. 2020 ఉగాదికి జీ5 ఓటీటీలో ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు అంజిగా ఎల్.బి. శ్రీరామ్ చేశారు. మన కోనసీమ నేదునూరు మనిషి కాబట్టి ఇక్కడ మాకు కొంచెం పక్షపాతం ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఆ సిరీస్‌లో అందరికన్నా కష్టమైన పని ఆయనదే. సీరియల్లో అమృతంగా అప్పటికే ముగ్గురిని చూశాం, నాలుగోవాడొచ్చినా సర్దుకునేవాళ్ళం. అంజిగా ఆరేళ్ళూ ఒక్కరినే చూశాం. పాత హర్షవర్ధన్, ఇంటి ఓనరు అప్పాజీగా పాత శివన్నారాయణ పక్కన ఉండడం వల్లే ఆయనకి నిలబడడానికి చోటు దొరికింది.

అంజిని వదిలేసి వేరే పేరుతో కొత్త స్నేహితుణ్ణి పెడితే పోయేదిగా అని కొందరన్నారు. నన్నడిగితే నేనూ అంజినే ఉంచేవాణ్ణి. అతన్ని తీసేస్తే అమృతం ఎవరితో ఎలా మాట్లాడతాడో మొదట్నుంచి రాసుకోవాలి, అప్పుడు మారేది ఒక పాత్ర కాదు, రెండు.