ఎనిమిది బటన్లకు ఎనిమిది ఫంక్షన్లు అక్కర్లేదు: అర్రేలు, లూప్‌లపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు సాయంత్రం పూట వెబ్ పేజీలు చేయడం నేర్పిస్తాను. జావాస్క్రిప్ట్ (నొక్కితే పేజీ స్పందించేలా చేసే భాష) మొదలైన రెండో వారంలో ప్రతి బ్యాచ్‌కూ ఒకటే పని ఇస్తాను. కొన్ని మండలాలు పక్క జిల్లాల్లో కలిసినా, పాత నల్లగొండ మూడు జిల్లాలైంది, పాత పాలమూరు అయిదైంది. ఈ ఎనిమిదింటికీ ఎనిమిది బటన్లు పెట్టాలి. ఏ బటన్ నొక్కితే ఆ జిల్లా గురించిన నాలుగు వాక్యాలు కింద పెట్టెలో కనపడాలి. చూడ్డానికి చిన్న పనే. కానీ పిల్లలు చిక్కుకునే చోట్లు ప్రతిసారీ అవే, వాటి వెనక ఉన్న అపోహలూ అవే.

అపోహ: ఒక్కో బటన్‌కు ఒక్కో ఫంక్షన్ రాయాలి.

వాస్తవం: బటన్లు ఎనిమిదైనా జరిగే పని ఒక్కటే, పెట్టెలో ఉన్న మ్యాటర్ తీసేసి కొత్తది పెట్టడం. మారేది మ్యాటర్ మాత్రమే. కాబట్టి ఫంక్షన్ (పేరు పెట్టి పిలవగలిగే కోడ్ ముక్క) ఒకటి చాలు, మ్యాటర్ అంతా ఒక అర్రేలో (నంబర్లున్న జాబితాలో) వరసగా ఉండాలి. బటన్‌కు తన నంబరు తెలిస్తే చాలు.

దీని విలువ మన జిల్లాల కథలోనే తెలుస్తుంది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఈ పేజీ చేసి ఉంటే ఏడు బటన్లే ఉండేవి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా అయింది. ఏడు ఫంక్షన్లు రాసుకున్నవాళ్లు ఎనిమిదోది కాపీ కొట్టి, ఐడీ (బటన్‌కు పెట్టిన గుర్తు) మార్చి, లోపల పేరు మార్చడం మరిచిపోయి గంటసేపు వెతుక్కోవాలి. అర్రే వాడి, బటన్లను కూడా లూప్‌తోనే (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్‌తో) తయారు చేసినవాళ్లు ఒక వరస చేరిస్తే పని అయిపోతుంది. లూప్‌ను ముట్టుకోనక్కర్లేదు.

అపోహ: బటన్ నొక్కినప్పుడు లూప్ తిరుగుతుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. లూప్ పేజీ తెరుచుకున్నప్పుడు ఒక్కసారే తిరుగుతుంది. రెప్పపాటులో ఎనిమిది బటన్లకూ పని అప్పగించి ముగిసిపోతుంది. నొక్కడం ఆ తర్వాత ఎప్పుడో జరుగుతుంది. ఈ ముందు వెనకలు పట్టుబడితే సగం టెన్షన్ పోతుంది.

పట్టుబడకపోతే ఏమవుతుందో చెప్తాను. లూప్‌లో లెక్క కోసం 'వార్' (var) అనే మాటతో ఐ (i) అనే వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) పెట్టి, నొక్కినప్పుడు ఐ నంబరు మ్యాటర్ చూపించమని రాస్తారు. కోడ్ చదివితే తప్పేమీ కనపడదు. నొక్కితే మాత్రం ఏ బటన్‌కూ మ్యాటర్ రాదు. క్లాసులో దీన్ని బోర్డు మీద చేసి చూపిస్తాను. ఎనిమిది మందిని నిలబెట్టి, "బోర్డు మీద ఏ నంబరుంటే అదే నీ నంబరు, తర్వాత వచ్చి చూసుకో" అని ఒక్కొక్కరికీ చెప్తూ, సున్నా నుంచి ఒక్కో అంకె తుడిచి రాస్తూ పోతాను. అందరికీ చెప్పడం అయ్యేసరికి బోర్డు మీద ఎనిమిది ఉంటుంది. ఇప్పుడు ఎవరొచ్చి చూసినా ఎనిమిదే. వార్‌తో చేసిన ఐ ఆ బోర్డు లాంటిది, మొత్తానికి ఒక్కటే. మన అర్రేలో నంబర్లు సున్నా నుంచి ఏడు వరకే కాబట్టి ఎనిమిదో చోట ఏమీ ఉండదు. మ్యాటర్ పెట్టడానికి ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ (innerHTML) వాడితే పెట్టెలో 'అన్‌డిఫైన్డ్' (విలువ లేదు) అని పడుతుంది. టెక్స్ట్‌కంటెంట్ (textContent) వాడితే పెట్టె ఖాళీగా ఉంటుంది, పిల్లలేమో బటనే పనిచేయట్లేదని అనుకుంటారు.

వార్ బదులు 'లెట్' (let) వాడితే లూప్ తిరిగిన ప్రతిసారీ కొత్త ఐ పుడుతుంది. బోర్డు బదులు ఎవరి చీటీ వాళ్ల చేతికి ఇచ్చినట్టు. ఈ లెట్ జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి 2015లో వచ్చింది. అంతకు ముందు రాసిన పాఠాలు, వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు ఇంకా వార్ దగ్గరే ఆగిపోతున్నారు, నా బాధ అదే. అర్రేలో ఒక్కో వరసకూ ఫంక్షన్‌ను నడిపే ఫర్‌ఈచ్ (forEach) వాడినా ఎవరి నంబరు వాళ్లకు విడిగానే అందుతుంది.

ఇదే కుదురులో పుట్టే ఇంకో తప్పు: ఆన్‌క్లిక్‌కు (నొక్కితే ఏం చేయాలో చెప్పే చోట) ఫంక్షన్ పేరు ఇస్తూ పక్కన బ్రాకెట్లు కూడా పెట్టేస్తారు. బ్రాకెట్లు పెడితే దాన్ని అప్పుడే పిలిచినట్టు. పేజీ తెరవగానే ఎనిమిదీ గబగబా నడిచి, ఆఖరి జిల్లా మ్యాటర్ పెట్టెలో కూర్చుంటుంది. తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. నంబరుతో పిలవాల్సి వస్తే ఆ పిలుపును ఇంకో చిన్న ఫంక్షన్‌లో చుట్టి ఇవ్వాలి.

అపోహ: సున్నా నుంచి లెక్క అనేది ప్రోగ్రామర్ల పట్టుదల తప్ప దానికి అర్థం లేదు.

వాస్తవం: ఇండెక్స్ అంటే మొదటి నుంచి ఎన్ని దాటాలి అన్న లెక్క. మొదటిదాన్ని చేరడానికి ఏదీ దాటనక్కర్లేదు, అందుకే సున్నా.

అపోహ: పేర్లకో అర్రే, మ్యాటర్‌కో అర్రే పెట్టుకుంటే సరిపోతుంది.

వాస్తవం: మొదటిరోజు సరిపోతుంది. తర్వాత ఏమవుతుందో ఒక బ్యాచ్‌లో కళ్లారా చూశాను. ఒక అమ్మాయి నారాయణపేట పేరును మహబూబ్‌నగర్ పక్కన, అర్రే మధ్యలో చేర్చింది. మ్యాటర్ మాత్రం రెండో అర్రే చివర పెట్టింది. అక్కడి నుంచి కిందివన్నీ ఒక మెట్టు జరిగాయి. వరసలో ఆఖరిదైన గద్వాల నొక్కితే నారాయణపేట మ్యాటర్ వచ్చింది. రెండు ఊళ్లూ చేనేత చీరలకు పేరున్నవే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వనపర్తి నొక్కితే గద్వాల జిల్లాలోని ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు వచ్చినప్పుడు గానీ దొరకలేదు. కన్సోల్‌లో (బ్రౌజర్ తప్పులు చూపించే చోట) ఒక్క ఎర్ర గీత లేదు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో తప్పేమీ జరగలేదు. ఆ రోజు ఆ అమ్మాయి వెతికిన ఓపికకు నాకు ముచ్చటేసింది, కానీ ఆ కష్టం అవసరమే లేనిది. పేరు, మ్యాటర్, ఫొటో అన్నీ ఒక ఆబ్జెక్ట్‌లో (పేర్లు పెట్టి విలువలు కలిపి ఉంచే మూటలో) కట్టి, ఆ ఆబ్జెక్టుల అర్రే ఒక్కటే పెట్టుకుంటే ఏ వరసను ఎక్కడికి జరిపినా దాని సామాను దాంతోనే వెళ్తుంది.

అర్రే ఎందుకు, ఊరి పేరునే గుర్తుగా వాడి అన్నీ ఒకే ఆబ్జెక్ట్‌లో పెట్టొచ్చు కదా అని కొందరు అడుగుతారు. పెట్టొచ్చు. కానీ చూడదగ్గ చోట్ల పేజీ చేసినప్పుడు పిల్లలమర్రి దగ్గర దెబ్బతింటారు. మహబూబ్‌నగర్ దగ్గర మర్రిచెట్టూ పిల్లలమర్రే, సూర్యాపేట దగ్గర కాకతీయుల నాటి గుళ్లున్న ఊరూ పిల్లలమర్రే. ఒకే పేరు రెండుసార్లు రాస్తే రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది, చెప్పకుండానే.

అపోహ: లెంగ్త్ అడిగితే ఎన్ని అక్షరాలో తెలుస్తుంది.

వాస్తవం: అర్రేకు లెంగ్త్ అంటే ఎన్ని వరసలో అంతే, దాన్ని నమ్మొచ్చు. తెలుగు మాటకు నమ్మకూడదు. 'నల్లగొండ' మన కంటికి నాలుగు అక్షరాలు. జావాస్క్రిప్ట్ ఎనిమిది అంటుంది. ఒత్తుకు వాడే పొల్లు, ఒత్వం, సున్నా అన్నిటినీ విడివిడిగా లెక్కపెడుతుంది. మ్యాటర్‌ను స్లైస్‌తో (ముక్క కోసే ఆదేశంతో) ఇరవై దగ్గర కోస్తే ఒత్తు తెగిపోయి, గుణింతం ఊడిపోయి రావచ్చు. బటన్ కింద చిన్న వాక్యం కావాలంటే దాన్ని విడిగా రాసి అదే ఆబ్జెక్ట్‌లో పెట్టండి. డీటీపీ షాపు నుంచి తెచ్చిన మ్యాటర్‌ను కూడా ముందు చూసుకోండి. పాత ఫాంట్లలో కొట్టినదైతే అర్రేలో అతికించగానే పిచ్చి గీతలు కనిపిస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతిలోకి) మార్చాకే వాడాలి.

అపోహ: నొక్కగానే మ్యాటర్ మెరిసి మాయమైతే లూప్‌లో తప్పున్నట్టే.

వాస్తవం: లూప్ జోలికి వెళ్లకముందు ఆ బటన్లు ఫామ్ ట్యాగ్ (వివరాలు నింపి పంపే భాగం) లోపల ఉన్నాయేమో చూడండి. ఫామ్‌లో ఉన్న బటన్‌కు టైప్ చెప్పకపోతే అది సబ్మిట్ బటన్, అంటే ఫామ్‌ను పంపే బటన్ అయిపోతుంది. మ్యాటర్ వచ్చిన క్షణంలోనే పేజీ మళ్లీ లోడ్ అవుతుంది. టైప్ దగ్గర 'బటన్' అని రాస్తే ఆగిపోతుంది.