ఎన్ని నిమిషాలు కొట్టుకున్నాడు?

బెంగళూరు హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మెదడు, నరాల ఆసుపత్రి ముందు పొద్దున్నే నిలబడితే పరాయి ఊరనిపించదు. చుట్టూ హిందూపురం, అనంతపురం, మదనపల్లె మాటలే. ఫిట్స్ వచ్చిన పిల్లాణ్ణి తెస్తే డాక్టర్లు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎంతసేపు కొట్టుకున్నాడమ్మా?"

"ఏమో సార్, చేతిలో తాళాలు పెట్టినాం, తగ్గిపోయె."

తాళాల మహిమేం లేదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఆగకపోతేనే గండం.

ఫిట్స్ ఆగకుండా సాగితే ఊపిరందక, ఒళ్లు వేడెక్కి మెదడు దెబ్బతింటుందని అనుకునేవారు. 1973లో బ్రయన్ మెల్డ్రమ్ బృందం బబూన్ కోతుల కండరాలు కదలకుండా మందిచ్చి, కృత్రిమ శ్వాస పెట్టి చూసింది. ఒంట్లో కుదుపు లేదు, ఆక్సిజన్‌కు లోటు లేదు. అయినా మెదడులో కొన్నిచోట్ల కణాలు చచ్చిపోయాయి. అంటే ఫిట్స్‌లో మెదడులో లేచే విద్యుత్ తుపానే చంపుతోందన్నమాట. ఎలాగన్నదానికి ఆధారం అప్పటికే ఉంది. నూడుల్స్‌లో రుచికి వేసే మోనోసోడియం గ్లుటమేట్‌ను 1969లో జాన్ ఓల్నీ ఎలుక పిల్లలకు ఎక్కిస్తే మెదడు కణాలు చనిపోయాయి. గ్లుటమేట్ మెదడులో సహజంగా ఉండేదే, ఒక కణం పక్క కణాన్ని ఉసిగొల్పే రసాయనం. ఫిట్స్‌లో అది మితిమీరితే, కణం పైపొర మీద దాన్ని అందుకునే రిసెప్టర్ల (గ్రాహకాల) గుండా కాల్షియం కణంలోకి వరదలా వచ్చిపడుతుంది.

బ్రేకులు లేకపోలేదు. ఒకటి, కణాలను శాంతపరిచే గాబా అనే రసాయనాన్ని అందుకునే రిసెప్టర్. చిక్కేమిటంటే, ఫిట్స్ సాగేకొద్దీ ఇవి కణం పైపొర నుంచి లోపలికి జారుకుంటాయి. 2005 ప్రాంతంలో ఎలుకల్లో ఇది తేలింది. ఇంకో బ్రేకు, ఒంట్లోనే తయారయ్యే అడెనోసిన్ అనే రసాయనాన్ని అందుకునే ఏ1 రిసెప్టర్. ఫిట్స్ సమయంలో మనుషుల మెదడులో అడెనోసిన్ పెరగడాన్ని 1992లో కొలిచారు. అది ఏ1కి అతుక్కుంటే గ్లుటమేట్ విడుదల తగ్గుతుంది. ఏ1 లేకుండా పుట్టించిన ఎలుకల్లో మెదడుకు దెబ్బ తగిలాక వచ్చిన ఫిట్స్ ప్రాణం తీసేదాకా పోయాయి. (మన ఫిల్టర్ కాఫీలోని కెఫీన్ నిద్ర ఆపేది ఈ అడెనోసిన్ కుర్చీలో తాను కూర్చునే. ఒకటి రెండు కప్పులకే ఫిట్స్ వస్తాయని కాదు లెండి.)

మరి ఏ1ని తట్టిలేపే మాత్ర చేయొచ్చుగా? ఆ రిసెప్టర్ గుండెలోనూ ఉంది. అడెనోసిన్ గుండె వేగాన్ని తగ్గిస్తుందని 1929లోనే చూశారు. మెదడును కాపాడబోతే గుండె మందగిస్తుంది. పేచీ అక్కడే.

ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ 5 నిమిషాలు దాటితే వెంటనే వైద్యం మొదలుపెట్టాలని, 30 దాటితే శాశ్వత నష్టానికి అవకాశముందని అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం 2015లో గీత గీసింది. అందుకే చీటీలో ఇప్పుడు మిడజోలామ్ ముక్కు స్ప్రే కూడా రాస్తుంటారు. అది పనిచేసేది గాబా రిసెప్టర్ల మీదే, అవింకా పైపొర మీద ఉండగానే కొట్టాలి.