కొలత మారింది, ప్రకటన మారలేదు: షేర్డ్ హోస్టింగ్ వివాదం వెనుక కథ

సొంతంగా కోడు రాసుకుని, తక్కువ ధర షేర్డ్ హోస్టింగ్ (ఎన్నో సైట్లు ఒకే సర్వరును పంచుకునే ఏర్పాటు) ఖాతాలో నడుపుకుంటున్న చిన్న బ్లాగులను ఉన్నట్టుండి మూసేస్తున్నారన్న ఫిర్యాదు మళ్లీ రాజుకుంది. అందరూ చెప్పేది ఇంచుమించు ఒకటే. ఉదయం లేచి చూస్తే బ్లాగు ఉండాల్సిన చోట ఖాతా నిలిపివేశామన్న పేజీ కనిపిస్తుంది. మెయిల్లో రెండు వాక్యాల నోటీసు ఉంటుంది: మీ ఖాతా సర్వర్ వనరులను పరిమితికి మించి వాడింది, పెద్ద ప్లానుకు మారండి. యజమాని కొత్త టపా రాసి నెలలు దాటి ఉంటుంది. పాఠకులు పెరిగిన జాడా లేదు. పెరిగినవి కృత్రిమ మేధ నమూనాల కోసం పాఠ్యం పోగుచేసే క్రాలర్ల, అంటే వెబ్ పేజీలను వాటంతటవే తిరగేసే ప్రోగ్రాముల, రాకపోకలే. సర్వరును కాపాడుకోవడం తమ బాధ్యత అని హోస్టింగ్ సంస్థలు అంటున్నాయి. తాము చేయని వాడకానికి తమ ఖాతా ఎందుకు మూసేయాలని యజమానులు అడుగుతున్నారు.

ఒకే యంత్రం మీద, ఒకే ఐపీ చిరునామాతో వందల సైట్లు ఎలా నడుస్తాయో, బ్లాగులు ఎలా పుట్టాయో చాలామందికి తెలిసిందే కాబట్టి ఆ కథలోకి వెళ్లనక్కర్లేదు. ఈ వివాదానికి కావలసింది ఒక్క ప్రశ్నకు సమాధానం: ఖాతాదారు ఎంత వాడాడన్నది దేనితో కొలిచేవారు, ఇప్పుడు దేనితో కొలుస్తున్నారు?

మొదట్లో కొలతలు రెండే. డిస్కులో ఎంత చోటు పట్టింది, నెలలో ఎన్ని బైట్లు బయటికి వెళ్లాయి. ఈ రెండూ కంట్రోల్ ప్యానెల్ తెరవగానే యజమానికి కనిపించేవి, లెక్కా తేలిగ్గా అర్థమయ్యేది. ప్రధానంగా అక్షరాలతో నిండే బ్లాగు వీటిలో దేని దరిదాపుల్లోకీ వెళ్లేది కాదు. అందుకే 2000ల మధ్యకాలంలో పోటీ ముదిరినప్పుడు చాలా సంస్థలు ఈ రెండింటినీ ‘అపరిమితం’ అని ప్రకటించగలిగాయి. ఎక్కువమంది వాడేది అతి తక్కువ కాబట్టి ఆ హామీ వల్ల వాటికి వచ్చే నష్టం పెద్దగా ఉండేది కాదు. అయితే పది మంది పంచుకునే సర్వరులో నిజంగా కరువయ్యేవి డిస్కూ బైట్లూ కావు. ప్రాసెసర్ సమయం, మెమరీ.

ఆ కరువు ఎలా వచ్చిందో తెలియాలంటే 2004 వైపు చూడాలి. అప్పట్లో బాగా వాడుకలో ఉన్న బ్లాగు సాఫ్ట్‌వేర్ మూవబుల్ టైప్, టపా ప్రచురించినప్పుడే హెచ్‌టీఎంఎల్ పేజీలను తయారుచేసి డిస్కు మీద పెట్టేది. పాఠకుడు అడిగితే సర్వరు ఆ ఫైలు తీసి ఇచ్చేది, అంతే. 2004 మే నెలలో 3.0 వెర్షనుతో దాని లైసెన్సు నిబంధనలు మారడంతో చాలామంది బ్లాగర్లు, అంతకు ఏడాది ముందు 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ వైపు మళ్లారు. వర్డ్‌ప్రెస్ పద్ధతి వేరు: ఎవరు ఎప్పుడు అడిగితే అప్పుడు పీహెచ్‌పీ భాషలో రాసిన కోడు నడిచి, డేటాబేసు నుంచి టపా తీసి, పేజీని అక్కడికక్కడే అల్లి ఇస్తుంది. సొంతంగా బ్లాగు కట్టుకున్నవారిలో ఎక్కువమంది కూడా ఈ బాటే పట్టారు. పాఠాలన్నీ నేర్పింది దాన్నే, షేర్డ్ హోస్టింగుల్లో సిద్ధంగా దొరికేవీ పీహెచ్‌పీ, డేటాబేసు నడిపే మైఎస్‌క్యూఎల్‌లే. అప్పటినుంచి పేజీ చూసిన ప్రతిసారీ కొంత ప్రాసెసర్ సమయం ఖర్చవుతూ వచ్చింది. పాఠకులు మనుషులే అయినంతకాలం ఆ ఖర్చు ఎవరికీ పట్టలేదు.

అసలు మలుపు 2010లో వచ్చింది. ఇప్పటి గొడవంతా అక్కడినుంచే మొదలైందన్నది ఈ కథనం అభిప్రాయం. ఆ ఏడాది మార్కెట్లోకి వచ్చిన క్లౌడ్‌లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం షేర్డ్ సర్వరులోని ప్రతి ఖాతాకూ విడిగా ప్రాసెసర్ వాటాను, తర్వాత్తర్వాత మెమరీ, డిస్కు చదువు రాత వేగం వంటివాటినీ గిరిగీసి ఇచ్చే వీలు కల్పించింది. ఒకేసారి ఎన్ని అభ్యర్థనలు లోపల నడుస్తూ ఉండవచ్చో చెప్పే పరిమితికి ‘ఎంట్రీ ప్రాసెసులు’ అని పేరు. అంతకుముందు ఒక ఖాతాలో చెడ్డ స్క్రిప్టు నడిస్తే సర్వరు మీదున్న సైట్లన్నీ కుంటుపడేవి. నిర్వాహకుడు లోపలికి వెళ్లి, ఏ ఖాతా, ఏ స్క్రిప్టు, ఎవరు అడుగుతున్నారు అని చూసి చర్య తీసుకునేవాడు. అందులో ఆలస్యం ఉండేది, పక్షపాతమూ ఉండేది. అయినా ఒక మనిషి లాగ్ ఫైలు (సైటుకు వచ్చిన అభ్యర్థనల చిట్టా) చదివేవాడు. కొత్త పద్ధతితో ఆ అవసరం తప్పింది. గీత దాటగానే ఆపరేటింగ్ సిస్టం గుండె అయిన కెర్నెలే ఆ ఖాతాను నొక్కిపెడుతుంది. వచ్చింది పాఠకుడా, క్రాలరా అన్న ప్రశ్న దానికి లేదు.

సాధనంగా అది మంచిదే. పక్క ఖాతా తప్పు వల్ల మన సైటు పడిపోకుండా ఆపింది. చిక్కు వచ్చింది దాన్ని అమ్మిన తీరులో. కొలత ప్రాసెసరుకు మారిపోయినా, అమ్మకపు పేజీలో డిస్కు, బ్యాండ్‌విడ్త్ ‘అపరిమితం’గానే నిలిచిపోయాయి. అసలు పరిమితులు చాలాచోట్ల సేవా నిబంధనల లోపలి పేజీలకు పోయాయి. కొన్నిచోట్ల అంకెలే ఉండవు, ‘మితిమీరిన వాడకం’ అన్న మాట మాత్రం ఉంటుంది.

ఒక్క లెక్క చూస్తే ఈ తేడా ఎంతటిదో తెలుస్తుంది. క్లౌడ్‌లైనక్స్‌లో హోస్టింగ్ సంస్థ ఏమీ మార్చకపోతే ఒక ఖాతాకు దొరికేది ఒక ప్రాసెసర్ కోరు, 20 ఎంట్రీ ప్రాసెసులు. సొంత బ్లాగులో ఒక పేజీ అల్లడానికి అర సెకను ప్రాసెసర్ సమయం పడుతుందనుకుందాం. అంటే సెకనుకు రెండు పేజీలు. మనుషులకు అది ధారాళంగా సరిపోతుంది. ఒక క్రాలర్ వచ్చి సెకనుకు పది పేజీలు అడిగితే, రెండు పూర్తయ్యేలోగా ఎనిమిది పోగుపడతాయి. మూడు సెకన్లు గడవకముందే 20 ఎంట్రీ ప్రాసెసులూ నిండిపోతాయి. ఆ తర్వాత వచ్చినవారికి, అందులో నిజమైన పాఠకులు కూడా ఉంటారు, 508 అనే ఎర్రర్ కనిపిస్తుంది. ఈ మొత్తం సమయంలో బయటికి వెళ్లే బైట్లు ఎన్ని? పేజీ 30 కిలోబైట్లు అనుకుంటే, రోజంతా అలాగే నడిచినా ఐదు గిగాబైట్ల చిల్లర. ప్రకటనలో ఉన్న ఏ అంకెనూ యజమాని దాటలేదు. అయినా వనరుల పరిమితి మించిందన్న నోటీసుతో ఖాతా పోయింది.

హోస్టింగ్ సంస్థల వాదనలోనూ బలం లేకపోలేదు. తక్కువ ధరకు ఇవ్వాలంటే ఒక సర్వరు మీద ఎక్కువ ఖాతాలు పెట్టాలి. ఎక్కువ ఖాతాలు పెట్టాలంటే గీతలు గట్టిగా గీయాలి. దీనికితోడు షేర్డ్ హోస్టింగులో విస్తృతంగా వాడే కంట్రోల్ ప్యానెల్ సాఫ్ట్‌వేర్ సీప్యానెల్, 2019 జూన్‌లో సర్వరుకు ఇంత అనే లైసెన్సు ధరను ఖాతాల సంఖ్యను బట్టి వసూలు చేసే పద్ధతికి మార్చింది. చిన్న ఖాతాల మీద మిగిలేది ఇంకా తగ్గింది. చిన్న ఖాతా తరఫున ఒక ఉద్యోగి అరగంట లాగులు చదివితే ఆ ఏడాది ఆదాయం అందులోనే పోతుందని వారంటారు. అర్థం చేసుకోదగిన మాటే. అయితే ఆ ఆర్థిక ఇబ్బందిని ధరలోనో, ప్రకటనలోనో చెప్పకుండా నిలిపివేత నోటీసులో చెప్పడమే యజమానులకు మింగుడుపడనిది.

ఇక రెండో పాయ, క్రాలర్లది. ఏ పేజీలు చూడవచ్చో, ఏవి వద్దో చెప్పే రోబోట్స్ ఫైలును 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించారు. 2022 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 9309గా అది ప్రమాణ పత్రమైంది. ఆ పత్రమే స్పష్టం చేస్తుంది, ఈ నియమాలు ప్రవేశానికి తాళం కావని. అంటే వచ్చేవాడి మర్యాద మీద ఆధారపడిన ఏర్పాటు. సెర్చ్ ఇంజన్లు ఆ మర్యాద పాటించడానికి కారణం ఉండేది: అవి పేజీలు తీసుకుని పాఠకులను పంపేవి. 2023 ఆగస్టులో ఓపెన్‌ఏఐ తన క్రాలర్ జీపీటీబాట్ పేరును, దాన్ని ఆపే విధానాన్ని ప్రకటించింది. పేరు చెప్పుకుని వచ్చే ఇలాంటివాటిని ఫైలులో రెండు పంక్తులతో ఆపవచ్చు. పేరు చెప్పకుండా, మామూలు బ్రౌజరులా వేషం కట్టి, వేల ఐపీ చిరునామాల నుంచి ఒక్కో పేజీ చొప్పున అడిగేవాటిని ఆపడానికి షేర్డ్ ఖాతాలో ఉన్న సాధనాలు చాలవు. ఫైర్‌వాల్ యజమాని చేతిలో ఉండదు, సంస్థ చేతిలో ఉంటుంది.

పెద్దవాళ్లకూ ఈ బరువు తప్పలేదు. తమ మౌలిక వసతుల మీద అత్యంత ఖరీదైన రద్దీలో 65 శాతం బాట్లదేనని (క్రాలర్ల వంటి స్వయంచాలక ప్రోగ్రాములు), పేజీ వీక్షణల్లో మాత్రం వాటి వాటా 35 శాతమేనని వికీమీడియా ఫౌండేషన్ 2025 ఏప్రిల్‌లో తెలిపింది. మనుషులు ఎక్కువగా ఒకే రకం పేజీలను చూస్తారు కాబట్టి ముందే తయారుచేసి దాచిన ప్రతుల (క్యాషే) నుంచి ఇవ్వవచ్చు. బాట్లు ఎవరూ చూడని, మూలనపడి ఉన్న పేజీలన్నీ తిరగేస్తాయి, అవి ప్రతిసారీ కొత్తగా తయారుకావాలి. చిన్న బ్లాగు విషయంలో దాదాపు అన్నీ అలాంటి పేజీలే.

సొంత కోడుతో కట్టిన బ్లాగుల్లో తరచూ కనిపించే ఒక ఉదాహరణ, పక్కన ఉండే నెలవారీ క్యాలెండర్. ‘తర్వాతి నెల’ లింకు నొక్కితే తర్వాతి నెల వస్తుంది, టపాలున్నా లేకపోయినా. మనిషి రెండుసార్లు నొక్కి ఆపేస్తాడు. క్రాలర్ ఆపదు. లాగ్ ఫైలు తెరిస్తే ఒకదాని కింద ఒకటి వరుసగా కనిపిస్తాయి: 2041 మార్చి, 2041 ఏప్రిల్, 2041 మే. ప్రతి పంక్తీ ఒక డేటాబేసు ప్రశ్న, ఒక ఖాళీ పేజీ. ఇది కోడులోని లోపమే అని సంస్థలు అంటాయి. నిజమే, చివరి టపా దాటాక లింకు ఆపేయడం ఒక్క షరతుతో పోయే పని. కానీ ఏళ్ల తరబడి ఎవరికీ హాని చేయని లోపం అది. దాన్ని కనిపెట్టాలంటే లాగు కావాలి. చాలాచోట్ల పాత లాగులు భద్రపరిచే ఎంపికను యజమానే ముందుగా ఆన్ చేసుకోవాలి. ఖాతా మూసేశాక ఆ లాగే అందదు.

ఈ యజమానులు సైటును గాలికొదిలేసినవారని అనుకోవడమూ సరికాదు. 2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7 పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను తీసేసినప్పుడు వర్డ్‌ప్రెస్ వాడేవారికి ఆ మార్పు అప్‌డేటులో వచ్చింది. సొంత కోడు ఉన్నవారు ప్రతి ఫైలూ తెరిచి, ప్రతి డేటాబేసు పిలుపునూ చేత్తో మార్చుకున్నారు. అదే కాలంలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత ధ్రువపత్రాలు రావడంతో రాకపోకలను గుప్తీకరించే హెచ్‌టీటీపీఎస్‌కు మారి, పాత లింకులు తెగకుండా దారి మళ్లింపులు రాసుకున్నారు. ఇప్పటికీ నిలిచి ఉన్న సొంత బ్లాగంటే ఇవన్నీ దాటి వచ్చిందే.

బాట్ల బరువుకు ఖాతాదారును శిక్షించడం ఇదే మొదటిసారి కాదు. 2004లో వ్యాఖ్యల స్పాం విజృంభించినప్పుడు, మూవబుల్ టైప్ వ్యాఖ్యల స్క్రిప్టు మోపిన భారానికి షేర్డ్ సర్వర్లు అల్లాడాయి. కొన్ని సంస్థలు ఆ స్క్రిప్టునే ఆపేశాయి. అప్పుడు బాధ్యత ఖాతాదారు దగ్గరే ఆగలేదు. సాఫ్ట్‌వేర్ తయారీదారు భారం తగ్గించే మార్పులు చేసింది. 2005 జనవరిలో గూగుల్, ఇతర సెర్చ్ సంస్థలు, బ్లాగు సాఫ్ట్‌వేర్ తయారీదారులతో కలిసి, లింకుకు సెర్చ్ ర్యాంకులో విలువ ఇవ్వవద్దని చెప్పే నోఫాలో గుర్తును తెచ్చాయి. స్పాం దానితో పోలేదు, కానీ కారణమైన వ్యవస్థలో ఉన్నవారు పరిష్కారంలోనూ చేయి వేశారు. ఇప్పుడు చేయి వేసినవారిలో ప్రధానంగా కనిపించేది, సైట్లకూ సందర్శకులకూ మధ్య నిలిచి రద్దీని వడకట్టే సంస్థ క్లౌడ్‌ఫ్లేర్. 2025 జులై నుంచి కొత్తగా చేరే డొమైన్లకు ఏఐ క్రాలర్లను ముందే ఆపి ఉంచుతోంది. దాన్ని వాడుకోవాలంటే మాత్రం సైటు రాకపోకలన్నీ ఆ సంస్థ గుండానే సాగాలి. ఎవరి మీదా ఆధారపడకూడదనే సొంత బ్లాగు కట్టుకున్నవారికి ఇది తేలికైన నిర్ణయం కాదు.

నోటీసుల్లో సూచించే మరో దారి, వీపీఎస్ (సర్వరులో ఒక ఖాతాకే కేటాయించిన విడి భాగం). అక్కడ ప్రాసెసరూ మెమరీ ఎంతో అంకెల్లో రాసి ఇస్తారు, ఆ స్పష్టత మంచిది. కానీ సర్వరు భద్రతా సవరణలు, ఫైర్‌వాల్, మెయిల్, బ్యాకప్ అన్నీ యజమాని నెత్తిన పడతాయి. వీటన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని ఒకటుంది: పేజీని ఒకసారి అల్లాక హెచ్‌టీఎంఎల్ ఫైలుగా రాసిపెట్టి, ఆ ఫైలు ఉంటే పీహెచ్‌పీని పిలవకుండా నేరుగా ఇవ్వమని హెచ్‌టీయాక్సెస్ అనే సర్వరు సెట్టింగుల ఫైలులో నాలుగు పంక్తులు రాయడం. టపా మార్చినప్పుడు, వ్యాఖ్య వచ్చినప్పుడు ఆ ఫైలు చెరిపేస్తే చాలు. మూవబుల్ టైప్ చేసిన పనికి ఇది దగ్గరి చుట్టమే. సొంత కోడు ఉన్న ప్రతివారూ దీన్ని వెంటనే చేసుకోవాలి, వివాదం ఎటు తేలినా సరే.

యజమానులు అడుగుతున్నవి అంత పెద్ద కోరికలు కావు. ప్రాసెసర్ వాటా, మెమరీ, ఎంట్రీ ప్రాసెసుల సంఖ్య ధర పక్కనే రాయాలి. నిలిపేముందు ఆ రోజు లాగును పంపి, సరిదిద్దుకోవడానికి గడువివ్వాలి. రద్దీ ఒక క్రాలరుదేనని తేలితే ముందు దాన్ని సర్వరు స్థాయిలో ఆపాలి. ఖాతా నిలిపినా ఫైళ్లూ డేటాబేసూ దించుకునే దారి తెరిచి ఉంచాలి. మొదటి మూడింటి మీదా సంస్థలు ఖర్చు, సిబ్బంది కొరత చూపుతున్నాయి. నాలుగోదానికి ఆ కారణం కూడా లేదు. యజమాని రాసుకున్న టపాలు అతనివే, వాటి కాపీ తీసుకోనివ్వడానికి ప్రాసెసర్ దాదాపు ఖర్చే కాదు. చర్చ ముందుకు కదలాలంటే సంస్థలు మొదట ఒప్పుకోవలసింది దానికే.