‘ఏది కొడుతుందో చెప్పండి సార్’: రేసు గుర్రాల ట్రైనర్ చెప్పే అపోహలు, వాస్తవాలు

మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రాలకు ట్రైనింగ్ ఇస్తానని తెలిస్తే చాలు, పెళ్లి భోజనాల దగ్గర కూడా ఎవరో ఒకరు పక్కకు లాక్కెళ్తారు.

అపోహ: గెలిచే గుర్రం ట్రైనర్‌కు ముందే తెలుసు.

వాస్తవం: నా గుర్రం ఒంట్లో ఎలా ఉందో నాకు తెలుసు. పక్క లాయంలోది ఎలా ఉందో తెలియదు. పైగా హ్యాండిక్యాప్ రేసుల్లో మెరుగైన గుర్రం మీద ఎక్కువ బరువు వేస్తారు. అన్నీ దాదాపు ఒకేసారి గీత దాటాలనే ఆ లెక్క.

అపోహ: పొద్దస్తమానం పరుగెత్తించడమే ట్రైనింగ్.

వాస్తవం: ట్రాక్ వర్క్, అంటే ట్రాక్ మీద పరుగు సాధన, పొద్దున్నే ముగుస్తుంది. మిగతా రోజంతా గుర్రం ఎక్కువగా లాయంలోనే ఉంటుంది. నా అసలు పని అంతకుముందే, చీకట్లో వంగి ముందుకాళ్లు తడమడం. మోకాలి కింద కండ ఉండదు. ఎముక, దానికి కండను కట్టే, నరంలా బిగిసిన స్నాయువు (టెండన్), పైన తోలు, అంతే. నాలుగున్నర, అయిదు వందల కిలోల ఒళ్లు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ దానిమీదే పడుతుంది. ఒక కాలు రెండోదానికంటే కాస్త వెచ్చగా తగిలినా ఆ రోజు పరుగు బంద్. కొత్తలో ఒకసారి, ఓనరు వచ్చి నిలబడ్డాడన్న మొహమాటంతో ఆ వెచ్చదనాన్ని పట్టించుకోలేదు. ఆ గుర్రం మళ్లీ ఆ సీజన్‌లో ట్రాక్ ఎక్కలేదు. స్నాయువు చిరిగితే మానడానికి నెలలు కాదు, ఒక్కోసారి ఏడాది పడుతుంది.

అపోహ: దండిగా ఉలవలు పెడితే బలం అదే వస్తుంది.

వాస్తవం: గుర్రం గుడ్డిదైనా దాణా తక్కువ కాదన్నారు గానీ, గుర్రానికి వాంతి చేసుకోవడం రాదు. ఒకేసారి ఎక్కువ తింటే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వోట్స్ అయినా, మరేదైనా కొంచెం కొంచెంగా, రోజుకు మూడు నాలుగుసార్లు. తొట్టిలో దాణా మిగిలిందని సైస్ (గుర్రాన్ని చూసుకునే పనివాడు) చెప్తే నాకు టెన్షన్ మొదలు.

ఇది ఉత్త జూదమనేవాళ్లకు ఒక్క మాట: గుర్రప్పందేల్లో నైపుణ్యానిదే ప్రధాన పాత్ర అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని జీతం డబ్బులు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

చివరగా డోపింగ్. దానికి సూదే అక్కర్లేదు. ముద్దుగా పెట్టిన చాక్లెట్ ముక్కలో థియోబ్రోమిన్, టీలో కెఫిన్ ఉంటాయి, రెండూ నిషిద్ధమే. పరీక్షలో దొరికితే ఎవరు పెట్టారన్నది తర్వాత, ముందు జవాబు చెప్పాల్సింది ట్రైనరే. మా సైసులు టీ తాగాలంటే లాయం బయటికి వెళ్లాల్సిందే.