పనికొచ్చే కుకీ నిఘా కన్నుగా ఎలా మారింది?

తొలినాళ్ల వెబ్‌లో, ఒక పేజీ చూసి మరో పేజీకి వెళ్తే రెండూ తెరిచింది ఒకరేనని సర్వర్‌కి, అంటే సైట్‌ను నడిపే కంప్యూటర్‌కి, తెలిసేది కాదు. ఆన్‌లైన్‌లో కొనుగోళ్లు మొదలవుతున్న రోజుల్లో ఇది పెద్ద తలనొప్పి. బుట్టలో వేసిన వస్తువు ఎవరిదో గుర్తుండాలి కదా.

1994లో బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లి దీనికి దారి వెతికారు. ప్రతి బ్రౌజర్‌కీ ఒక శాశ్వత నంబరు ఇచ్చేస్తే పని తేలిగ్గా అయిపోయేది. కానీ ఆ నంబరు పట్టుకుని ఏ సైట్‌కి వెళ్లినా మనిషిని వెంబడించవచ్చు. అందుకే ఆ ఆలోచన వదిలేసి, ఏ సైట్ పెట్టిన సమాచారాన్ని ఆ సైటే చదవగలిగేలా కుకీని, అంటే సైట్ మన బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారపు ముక్కను, తయారుచేశారు. అంటే గోప్యత గురించి ఆలోచించకుండా చేసిన పని కాదిది.

లొసుగు వేరేచోట దొరికింది. ఒకరు పొద్దున ఆరోగ్య సైట్‌లో మధుమేహం గురించి చదివారనుకుందాం. ఆ పేజీలోని ప్రకటన ఆ సైట్ నుంచి రాదు, ప్రకటనల కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది. వస్తూ తన కుకీ కూడా పెడుతుంది. సాయంత్రం ఉద్యోగాల సైట్ తెరిస్తే అక్కడా అదే కంపెనీ ప్రకటన. బ్రౌజర్ పొద్దున్నటి కుకీని దానికి అప్పజెబుతుంది, ఏ సైట్ చూస్తున్నారో కూడా చెబుతుంది. జబ్బు గురించి చదివిందీ, ఉద్యోగం వెతుకుతున్నదీ ఒకరేనని ఇట్టే తెలిసిపోతుంది. పేరు తెలియకపోయినా ఆ కంపెనీకి వచ్చే నష్టమేమీ లేదు.

ఇదే థర్డ్ పార్టీ కుకీ. ఈ ప్రమాదం అప్పట్లోనే తెలుసు. 1997 ఫిబ్రవరిలో వచ్చిన సాంకేతిక ప్రమాణం ఇలాంటి కుకీలను డిఫాల్ట్‌గా, అంటే మనం ఏమీ మార్చకుండానే, ఆపేయాలని స్పష్టంగా చెప్పింది. దాన్ని రాసిన ఇద్దరిలో మాంటుల్లి ఒకరు. నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ తమ బ్రౌజర్లలో దాన్ని పాటించలేదు. నా దృష్టిలో ఈ కథ మొత్తానికీ మలుపు అదే. ఎందుకంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకునేవాళ్లు ఎప్పుడూ తక్కువే. కంపెనీ ముందే ఏది పెట్టి ఇస్తే కోట్లమందికి అదే ఖాయమవుతుంది.

ఆ తర్వాత పేర్ల వంతు వచ్చింది. ప్రకటనల కంపెనీ డబుల్‌క్లిక్ 1999లో అబాకస్‌ను కొంది. అబాకస్ దగ్గర జనం పేర్లు, అడ్రసులు, కొనుగోళ్ల వివరాలు ఉండేవి. వాటిని కుకీల సమాచారంతో కలపబోతున్నారని తెలిసి అమెరికాలో గొడవ రేగింది, 2000 మార్చిలో డబుల్‌క్లిక్ వెనక్కి తగ్గింది. 2008లో ఆ డబుల్‌క్లిక్ 310 కోట్ల డాలర్లకు గూగుల్ చేతికి వచ్చింది. 2016లో గూగుల్ తన పాలసీ మార్చి, డబుల్‌క్లిక్ సేకరించే బ్రౌజింగ్ వివరాలను ఖాతాదారుల సమాచారంతో కలిపే వీలు కల్పించుకుంది. 2000లో జనం అడ్డుకున్నది పదహారేళ్లకు ఒక పాలసీ సవరణతో దాదాపుగా జరిగిపోయింది. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ప్రకటనల కోసం పోగేసింది ప్రకటనలకే పరిమితమూ కాలేదు. అమెరికా నిఘా రహస్యాలను లీక్ చేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాల ఆధారంగా 2013 డిసెంబరులో వాషింగ్టన్ పోస్ట్ ఒక కథనం ఇచ్చింది. నిఘా పెట్టాల్సిన వ్యక్తుల బ్రౌజర్లను గుర్తుపట్టడానికి అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ గూగుల్ కుకీలనే వాడుకుంటోందని అందులో తేలింది.

చట్టాలు ఆలస్యంగా వచ్చాయి. యూరప్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ 2018 మే 25న అమల్లోకి వచ్చింది. దాంతో కుకీలకు అనుమతి అడిగే సైట్లు బాగా పెరిగాయి, కానీ ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు చాలు, వద్దనడానికి మాత్రం నాలుగైదు. ఈ తేడా చూపించినందుకే ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది.

బ్రౌజర్ల సంగతికొస్తే, ఫైర్‌ఫాక్స్ 2019లో చాలావరకు ట్రాకింగ్ కుకీలను, సఫారీ 2020 మార్చిలో థర్డ్ పార్టీ కుకీలన్నిటినీ డిఫాల్ట్‌గా ఆపేశాయి. తన క్రోమ్ బ్రౌజర్‌లో వాటిని రెండేళ్లలో తీసేస్తామని 2020లో చెప్పిన గూగుల్ పదేపదే వాయిదా వేసి, 2024 జులైలో ఆ ఆలోచనే విరమించుకుంది. అందువల్ల క్రోమ్ వాడేవాళ్లు వాటిని ఆపాలంటే, సెట్టింగ్స్‌లోకి వెళ్లి తామే ఆపుకోవాలి.